కొత్త కరణాలు

"ఫోల్డర్లు గీల్డర్లు ఎందుకండీ, సెర్చ్ కొడితే వచ్చేస్తుందిగా!" అనేవాళ్లకి నాదొక చిన్న పరీక్ష. మీ ఇంటి దస్తావేజు స్కాన్ కాపీ మీ కంప్యూటర్లో ఎక్కడుందో చెప్పండి. వాట్సాప్‌లో ఎప్పుడో తమ్ముడికి పంపినదాన్ని వేలితో పైకి తోసుకుంటూ వెతకడం కుదరదు. ఏ డ్రైవ్, ఏ ఫోల్డరు, ఏ పేరు? నూటికి తొంభైమంది నోరు వెళ్లబెడతారు. కోటి రూపాయల ఇంటికి సంబంధించిన కాగితం "స్కాన్0004" అన్న పేరుతో, ఎక్కడో బిర్యానీ కూపన్‌కీ రైలు టికెట్‌కీ మధ్య పడి ఉంటుంది. దాన్ని అక్కడ పడేసింది మనమే. పడేసినా పర్లేదని మనకి నూరిపోసినవాళ్లు మాత్రం వేరే ఉన్నారు. ఈ కోపం వాళ్ల మీద.

ఫైళ్లు సర్దుకోవడమంటే ఇల్లు ఊడ్చుకోవడంలాంటి శుభ్రత పని అనీ, తీరిక ఉన్నవాళ్లు చేసుకుంటారనీ మనకి ఒక అభిప్రాయం పడిపోయింది. పచ్చి అబద్ధం. నా వస్తువు ఎక్కడుందో నాకు తెలిస్తే అది నా చేతిలో ఉన్నట్టు. తెలియకపోతే, దాన్ని వెతికిపెట్టేవాడి చేతిలో ఉన్నట్టు.

ఈ ఫోల్డరు మనకి ఊరికే రాలేదు. ఒక డైరెక్టరీలో ఇంకో డైరెక్టరీ, దాని లోపల మరొకటి, ఇలా ఎంత లోతుకైనా వెళ్లే అమరికని 1965లో మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం రాబర్ట్ డేలీ, పీటర్ న్యూమన్ కాగితం మీద పెట్టారు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మొదటి డాస్‌లో ఆ సౌకర్యం లేదు. ఫ్లాపీలో ఎన్ని ఫైళ్లుంటే అన్నీ ఒకే వరస. 1983లో పీసీ ఎక్స్‌టీకి హార్డ్ డిస్క్ తగిలించేసరికి ఆ వరస పనికిరాకుండా పోయింది. దాంతో డాస్ 2.0లో డైరెక్టరీలు పెట్టారు. ఇంతా చేసి ఆ డిస్కు ఎంతనుకున్నారు? 10 మెగాబైట్లు. ఇవాళ మన ఫోన్లో తీసిన ఫొటోలు రెండో మూడో పెడితే నిండిపోయేంత జాగా. అంత జాగాకే ఫోల్డర్లు లేకపోతే మనిషికి దారి తెలియదని అప్పటి ఇంజనీర్లు గ్రహించారు. దానికి లక్ష రెట్ల డిస్కులు మన బల్లల మీద పెట్టి, ఇప్పుడు ఫోల్డర్లు అక్కర్లేదంటున్నారు!

వెనక్కి లాక్కోవడం మెల్లగా జరిగింది. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడు గూగుల్ చెప్పిన పాఠం "సర్దకండి, వెతుక్కోండి". 2007లో ఐఫోన్ వచ్చింది. అందులో ఫైళ్లు చూసుకునే చోటే లేదు. ఫైల్స్ అనే యాప్ ఆ ఫోన్లోకి రావడానికి 2017 దాకా పట్టింది. పదేళ్లు! అంతకుముందే మైక్రోసాఫ్ట్ అయితే ఫోల్డర్ల బదులు మొత్తం డేటాబేస్‌లాగా చేసేస్తామని విన్‌ఎఫ్‌ఎస్ పేరుతో బయల్దేరి, చేతకాక 2006లో ఆ పని మూట కట్టి అటకెక్కించింది. ఈలోగా ఒక తరం పిల్లలు ఎదిగారు. కాలేజీకొచ్చిన విద్యార్థులకి ఫైలు ఫలానా చోట ఉంటుందన్న ఊహే లేదని అమెరికా ప్రొఫెసర్లు తలలు పట్టుకుంటున్న సంగతి 2021లో ద వెర్జ్ పత్రిక రాసింది. అమెరికా దాకా ఎందుకు, మన ఇంజనీరింగ్ పిల్లాణ్ణి పిలిచి "ప్రాజెక్టు రిపోర్టు ఎక్కడ దాచావురా" అనడగండి. "వర్డ్‌లో ఉంది" అంటాడు.

మన ఊళ్లల్లో పూర్వం ఒక పెద్దమనిషి ఉండేవాడు, కరణం. పొలం మనదే, పన్ను కట్టేదీ మనమే. కానీ దస్త్రం ఆయన ఇంట్లో. ఏ చెక్క ఎవరి పేరున ఉందో తెలియాలంటే ఆయన అరుగు దగ్గర నిలబడాలి. "రేపు రా" అంటే రేపు వెళ్లాలి. ఆయన మంచివాడైతే పని అయ్యేది, కాకపోతే ఊరంతా ఆయన చుట్టూ తిరిగేది. చదువుకన్నా లెక్కకన్నా ఆయనకి బలం ఇచ్చింది ఒక్కటే, ఏ కాగితం ఎక్కడుందో ఆయనకి తప్ప ఇంకొకరికి తెలియకపోవడం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థని ఒక్క ఆర్డినెన్సుతో ఎత్తేస్తే ఊళ్లల్లో ఎంతమంది పండగ చేసుకున్నారో పాతవాళ్లని అడగండి. ఆ కరణాన్ని సాగనంపిన మనమే ఇవాళ కొత్త కరణాలకి తాళాలు అప్పగిస్తున్నాం. వీళ్లు అమెరికాలో ఉంటారు, వీళ్లకి అరుగు కూడా ఉండదు.

వీళ్ల పనితీరు దగ్గరగా చూడండి. కొత్త విండోస్ కంప్యూటర్ కొని, అడిగినచోటల్లా "సరే, సరే" కొట్టుకుంటూ పోతే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ వన్‌డ్రైవ్‌లోకి చేరిపోతాయి. పేరుకి డెస్క్‌టాపే, కానీ దాని అసలు చిరునామా మారిపోయింది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక్క పెళ్లి ఫొటోలు చాలు అది నిండడానికి. నిండాక రోజూ ఒక ఎర్ర గుర్తు, డబ్బు కట్టమని. ఫైలు పేరు పక్కన చిన్న మబ్బు బొమ్మ కనిపిస్తే ఆ ఫైలు మీ డిస్కులో లేదని అర్థం. నెట్ లేనిరోజు అది తెరుచుకోదు. జాగా ఖాళీ చేద్దామని ఇక్కడ చెరిపేస్తే అక్కడా పోతుంది. గూగుల్ ఫొటోస్ సంగతి ఇంకో తీరు. ఎన్ని ఫొటోలైనా పెట్టుకోండి, ఉచితం అన్నారు. అలవాటు చేశారు. 2021 జూన్ 1 నుంచి, ఇక ఆ సంబరం లేదు, మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ, ఆపైన కట్టండి అన్నారు. అప్పటికి మన ఫొటోలు మన దగ్గర ఫోల్డర్లలో ఉండుంటే "పోవోయ్" అనేవాళ్లం. లేవు కాబట్టి నెలనెలా కడుతున్నాం. దాచుకోవడానికి జాగా అమ్ముకోవడంలో తప్పులేదు, అది వ్యాపారం. కానీ ఎక్కడ దాచామో మర్చిపోయేట్టు చేసి, ఆ మరుపు మీద అద్దె వసూలు చేయడాన్ని ఏమనాలి?

సరే, సెర్చ్ సంగతికి వద్దాం. సెర్చ్ ఇంగ్లిష్ ఆఫీసు కోసం పుట్టింది. టైపు చేసిన ఇంగ్లిష్ ఉత్తరాలు ఉన్నచోట అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెలుగిళ్ల కంప్యూటర్లలో ఉండేవేమిటి? స్కాన్ చేసిన దస్తావేజులు, ఫొటో తీసిన రసీదులు, ల్యాబ్ వాళ్లు పంపిన రిపోర్టులు. చేతిరాత దస్తావేజు స్కాను లోపల ఏముందో ఆ సెర్చ్ డబ్బాకి ఏం తెలుసు? పోనీ పేరు పట్టుకుని వెతుకుదామంటే, మనం పెట్టే పేర్లు చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో లక్ష్మి అని రాయడానికి ఇంట్లో నలుగురూ నాలుగు రకాలు. తెలుగులోనే రాద్దామంటే "పెళ్లి" అని పేరు పెట్టినదాన్ని "పెళ్ళి" అని వెతికితే రాదు. అత్తగారు ఒక ళ్ళ రాస్తారు, కోడలు ఇంకొకటి రాస్తుంది, కంప్యూటర్ దృష్టిలో ఆ రెండు పెళ్లిళ్లకీ సంబంధమే లేదు.

ఇక అను ఫాంట్ల గోల వేరు. యూనికోడ్ అలవాటయ్యే దాకా తెలుగు డీటీపీ అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో నడిచింది. తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం. అందులో "గోదావరి" అని వెతికితే గోదావరి దొరకదు. కథలు, కవితలు, కులసంఘం డైరెక్టరీలు, గుడి చరిత్రలు, పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలు, కొన్ని దశాబ్దాల తెలుగు అచ్చు ఆ రూపంలోనే ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చి ఆగిపోయింది. ఇవాళ్టి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లని తెరవదు. సెర్చ్ వాటిని ఎన్నడూ కనిపెట్టలేదు. ఆ పుస్తకాల్లో ఏదైనా బతికి ఉందంటే, ఎవరో ఒక డీటీపీ ఆపరేటర్ ఫోల్డరుకి పుస్తకం పేరూ రచయిత పేరూ సంవత్సరమూ శ్రద్ధగా పెట్టబట్టే. ఆ ఓపికమంతుడికి దండం పెట్టాలి. ఓపిక లేనివాళ్ల దగ్గర అచ్చయిన పుస్తకాలు వాళ్ల హార్డ్ డిస్కుతో పాటే పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కాయి. (రచయితలూ తక్కువ తినలేదు. పుస్తకం అచ్చు చూసుకుని మురిసిపోయారే గానీ, ఆ ఫైలు నాకొక కాపీ ఇవ్వవోయ్ అని అడిగినవాళ్లు ఎందరు?)

మనుషులు వెతుక్కునే తీరు మీద పరిశోధనలూ ఉన్నాయి. 1995లో డెబోరా బారో, బోనీ నార్డీ జనం తమ ఫైళ్లని ఎలా పట్టుకుంటారో గమనిస్తే, పెట్టినచోటికి వెళ్లి తీసుకోవడమే వాళ్లకి ఇష్టమని తేలింది. అప్పటి సెర్చ్ నాసిరకం కాబట్టి అలా చేశారేమో అనుకోవచ్చు. 2008లో ఓఫెర్ బెర్గ్‌మన్ బృందం మెరుగైన సెర్చ్ వచ్చాక కూడా చూసింది. అప్పుడూ జనం ఫోల్డర్ల దారినే నడిచారు, ఎక్కడ పెట్టారో గుర్తురాని సందర్భాల్లోనే సెర్చ్ కొట్టారు. 2015లో ఇదే బెర్గ్‌మన్ భాగస్వామిగా మెదడు స్కానింగ్ చేసి చూస్తే, ఫోల్డర్లలో తిరిగేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు, నిజం వీధుల్లో దారి పట్టుకునేటప్పుడు పనిచేసేవాటితో కలుస్తున్నాయి. సెర్చ్ చేసేటప్పుడు మాత్రం భాష భాగం కష్టపడుతోంది. కరెంటు పోతే చీకట్లో అగ్గిపెట్టె ఉన్న గూటికి చెయ్యి దానంతటదే పోతుందే, ఆ తెలివి అన్నమాట. దాన్ని మన చేత మాన్పించి, పేరు గుర్తు తెచ్చుకుని టైపు కొట్టే శ్రమని అంటగట్టి, దీన్ని సౌకర్యమంటున్నారు.

మా బాబాయి కంప్యూటర్ తెర ఇలా ఉంటుంది. వెనకాల వెంకటేశ్వరస్వామి. స్వామి కిరీటం నుంచి పాదాల దాకా ఐకాన్లు. న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ (2), న్యూ ఫోల్డర్ (3). రెండోదానిలో "పాత డెస్క్‌టాప్" అని ఒకటి, దానిలో మళ్లీ ఒక న్యూ ఫోల్డర్. పొలం మీద లోనుకి బ్యాంకువాళ్లు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు తెమ్మన్నారు.

"ఈసీ ఇందులోనే ఉండాలి రా."

"ఏ ఫోల్డర్లో పెట్టావు బాబాయ్?"

"ఫోల్డరేంట్రా, కంప్యూటర్లో పెట్టాను."

పిన్ని వంటింట్లోంచి, "ఆయన కళ్లజోడు కూడా ఇంట్లోనే ఉందంటారు" అంది.

డౌన్‌లోడ్స్ తెరిచాను. డాక్యుమెంట్, డాక్యుమెంట్ (1), అలా డాక్యుమెంట్ (17) దాకా. కరెంటు బిల్లులు, ఒకే ఆధార్ పీడీఎఫ్ ఎన్నో కాపీలు, పాస్‌వర్డు గుర్తురానప్పుడల్లా మళ్లీ దించుకున్నవి. (ఆ పాస్‌వర్డు పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలూ పుట్టిన సంవత్సరమూ అని ఆ వెబ్‌సైటులోనే రాసి ఉంటుంది.) ఈసీ దొరికింది. కానీ ఒకటి కాదు, రెండు. పేరులో తేదీ లేదు, సర్వే నంబరు లేదు. ఏది కొత్తదో తెలియాలంటే రెండూ తెరిచి చదవాలి. చదివితే, ఒకటి మా పొలానిది కాదు, బాబాయి ఎవరికో సాయంగా తీయించి పెట్టింది. అది పట్టుకుని బ్యాంకుకి వెళ్లుంటే?

బాబాయిని నేను తప్పుపట్టను. ఆయన ఇంటర్‌దాకా చదివి, నలభై ఏళ్లు కాగితాలు వరసగా పెట్టుకున్న మనిషి. ఆయన ఇనప్పెట్టెలో పొలం కాగితాలు ఒక కట్ట, ఇంటివి ఒక కట్ట, పిల్లల సర్టిఫికెట్లు ఒక కట్ట, ఒక్కోదానికీ ఒక్కో గుడ్డ. అంత పద్ధతి తెలిసిన మనిషి కంప్యూటర్ దగ్గర ఎందుకు తడబడ్డాడు? ఎందుకంటే విండోస్ ఆయనకిచ్చిన అరలు అలాంటివి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్! ఇదేం వర్గీకరణ? ప్రపంచంలో ఏ సంసారి అయినా తన వ్యవహారాలని అలా విభజించుకుంటాడా? పొలం వ్యవహారమంటే ఈసీ పీడీఎఫ్ ఉంటుంది, పాస్‌బుక్ ఫొటో ఉంటుంది, సరిహద్దు రాళ్ల వీడియో ఉంటుంది, పక్క చేను ఆసామితో మాట్లాడిన కాల్ రికార్డింగ్ ఉంటుంది. విండోస్ మాట వింటే ఒక్క పొలం నాలుగు ముక్కలై నాలుగు దిక్కులా పోతుంది. ఫైలు ఏ రకందో యంత్రానికి కావాలి. మనిషికి కావలసింది అది దేనికి సంబంధించిందో.

అందుకే నా పట్టుదల ఇది: వ్యవహారానికి ఒక ఫోల్డరు. పొలం. ఇల్లు. అమ్మ ఆరోగ్యం. పెద్దాడి చదువు. పన్నులు, అందులో ఆర్థిక సంవత్సరానికొకటి, ఫారం 16 నుంచి రిటర్ను రసీదు దాకా అక్కడే. అమ్మని అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు "పాత ఈసీజీ ఉందా, ఏ మందులు వాడుతున్నారు" అంటాడు గానీ "మీ దగ్గరున్న జేపెగ్‌లు చూపించండి" అనడు. అడిగేవాడి నోట ఏ మాట వస్తుందో ఫోల్డరు మీద ఆ మాట ఉండాలి.

ఇది విని ఎగిరి గంతేసే జాతి ఒకటుంది, వాళ్లకీ రెండు వడ్డించాలి. యూట్యూబు చూసి ఫోల్డర్లకి రంగులు, అంకెలు, సంకేతాలు వేసి, సంవత్సరంలో నెల, నెలలో వారం, వారంలో రకం, రకంలో ఉపరకం అంటూ పాతాళం దాకా తవ్వుకుంటూ పోయేవాళ్లు. మాయాబజార్ సెట్టింగు వేస్తారు, అందులో ఉండేవి నాలుగు కరెంటు బిల్లులు. విండోస్‌లో ఫైలు దారి మొత్తం మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. ఈ తవ్వకందార్లు ఒకరోజు ఆ మొత్తాన్ని ఇంకో డిస్కుకి కాపీ చేయబోతే, దారి మరీ పొడవైపోయిందని మొరాయిస్తుంది. మూడు మెట్లు దిగేసరికి ఫైలు కనపడకపోతే ఆ సర్దుడు ఎవరికోసం?

పేరు విషయంలో మాత్రం ఎంత చాదస్తమైనా ఒప్పుకుంటాను. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, ఆపైన విషయం: "2019-06-14 ఈసీ సర్వే 112". అలా పెడితే కంప్యూటర్ వాటిని తేదీల వరసలో నిలబెడుతుంది. మనం రాసే పద్ధతిలో రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట చేరతాయి. మధ్యలో ఏటవాలు గీత పెడదామంటే విండోస్ ఒప్పుకోదు. తెలుగులో పేరు పెట్టడానికి జంకక్కర్లేదు, ఈకాలపు విండోస్ శుభ్రంగా తీసుకుంటుంది. కెమెరా ఇచ్చిన పేర్లని అలాగే వదలకండి. కెమెరాలు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలుపెడతాయి. అక్క పెళ్లి ఫొటోల మీద చెల్లి సీమంతం ఫొటోలు తెచ్చి పోస్తే "అదే పేరుతో ఉంది, దాని బదులు దీన్ని పెట్టమంటారా" అనడుగుతుంది. చదవకుండా సరే కొట్టారా, అక్క పెళ్లిలో కొన్ని ఘట్టాలు జరగనట్టే.

పేర్ల దగ్గరే ఇంకో దగా. ఫైలు చివర చుక్క తర్వాత వచ్చే తోకని, అదే ఎక్స్‌టెన్షన్‌ని, విండోస్ మనకి కనపడకుండా దాచేస్తుంది. అందంగా ఉండదట! 2000 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన ఐ లవ్ యూ వైరస్ బతికింది ఆ అందం మీదే. ప్రేమలేఖ అన్న పేరు చివర టీఎక్స్‌టీ అని కనిపిస్తే జనం మామూలు ఉత్తరమనుకుని తెరిచారు. దాని వెనకున్న అసలు తోక వీబీఎస్, అంటే నడిచే ప్రోగ్రాము, కనపడలేదు. పాతికేళ్లయింది. ఆ తోక ఇవాళ్టికీ దాగే ఉంటుంది. వాట్సాప్‌లో శుభలేఖ పేరుతో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారని పోలీసులు గొంతు చించుకుంటున్నారు. ఫైలంటే ఏమిటో, దాని తోక ఏం చెబుతుందో ఒక తరానికి తరాన్ని తెలియకుండా పెంచాక, ఆ తోక చూసి జాగ్రత్తపడమంటే వాళ్లేం చూస్తారు? ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ నొక్కి (విండోస్ 11 అయితే అందులో షో కూడా నొక్కి), ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్కు పెట్టండి. ఇవాళే.

కంప్యూటర్ బాగుచేసే కుర్రాళ్లు మనకి నేర్పిన మంత్రం ఒకటుంది: "సీ డ్రైవ్‌లో ఏం పెట్టకండి సార్, ముఖ్యమైనవి డీలో పెట్టుకోండి." విండోస్ మళ్లీ వేసినప్పుడు డీ జోలికి పోరు కాబట్టి ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం ప్రాణాంతకం. చాలా ఇళ్లల్లో సీ, డీ, ఈ మూడూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. డిస్కు పోతే మూడూ ఒకేసారి పోతాయి. డీలో ఒకటి, ఈలో ఒకటి కాపీ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో! కాపీ అంటే వేరే డిస్కు మీద, వీలైతే వేరే ఇంట్లో. వ్యవహారానికొక ఫోల్డరు ఉన్నవాడికి అదో పెద్ద పనే కాదు, బయటి డిస్కు తగిలించి ఆ అరడజనూ లాగి పడేస్తాడు. లేనివాడు ఏది ముఖ్యమో తెలియక ఏదీ కాపీ చేయడు.

చివరగా మన మగమహారాజులకి. ఇంటి కంప్యూటర్ దాదాపు ప్రతిచోటా ఆయనగారి సామ్రాజ్యమే. ఎల్‌ఐసీ బాండు స్కాను ఎక్కడుందో, డిపాజిట్ల లెక్కలు ఏ ఎక్సెల్‌లో ఉన్నాయో, దాని పాస్‌వర్డేమిటో ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. అడిగితే "నేనున్నాగా" అంటాడు. లేనిరోజు నామినీగా సంతకం పెట్టాల్సిన మనిషికి పాలసీ నంబరు కూడా తెలియదు. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి అర్ధరాత్రి వీడియో కాల్‌లో "ఇంకొంచెం కిందకి జరుపమ్మా, ఆ పసుపు బొమ్మ నొక్కు" అంటూ దారి చూపిస్తుంటాడు, వాడికీ ఆ దారి తెలియదు. బాబూ, నువ్వూ కరణమే. ఈ ఆదివారం మీ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్ ఆమె చేతికిచ్చి, ఆ బాండు తీయమను. నువ్వు మాట్లాడకు. ఆమె తీయలేకపోతే సర్దాల్సింది ఆమె అనుకున్న చోటికి, ఆమె పిలిచే పేరుతో.